60 శాతం యురేనియం ఉంటే బాంబు ఉన్నట్టేనా? ఇరాన్ మీదే ఎందుకింత గొడవ?

మీరు గాజువాక నుంచి రాశారు. మీ తమ్ముడు గల్ఫ్ వైపు తిరిగే ఆయిల్ ట్యాంకర్‌లో పనిచేస్తున్నాడని, 2025 జూన్ నుంచి ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉందని చెప్పారు. మీరు అడిగినవి మూడు. ఇరాన్ దగ్గర 60 శాతం యురేనియం ఉందంటే బాంబు ఉన్నట్టేనా? కరెంటు కోసమే అని వాళ్లు చెబుతుంటే ఎవరూ ఎందుకు నమ్మరు? మనకూ బాంబు ఉంది కదా, మరి వాళ్ల మీదే పడటం ఏం న్యాయం?

నేను అణు ఇంధనం తయారుచేసే కర్మాగారంలో పనిచేసి రిటైరై విశాఖలో స్థిరపడ్డాను. ఉద్యోగంలో ఎక్కువ భాగం యురేనియం లెక్కలు చూడటంలోనే గడిచింది. ఎంత వచ్చింది, ఎంత బయటికి వెళ్లింది, ఎంత మిగిలింది, మిగిలింది ఏ గదిలో ఏ డబ్బాలో ఉంది, ఇదే పని. అందుకే ఈ గొడవను నేను రాజకీయం వైపు నుంచి కాకుండా స్టాకు రిజిస్టరు వైపు నుంచి చూస్తాను.

ముందు సూటిగా చెప్పేస్తాను. 60 శాతం యురేనియం ఉన్నంత మాత్రాన బాంబు ఉన్నట్టు కాదు. కానీ కరెంటు తయారు చేయడానికి 60 శాతం అక్కర్లేదు. అన్నిటికంటే ఎక్కువగా భయపడాల్సింది, ఆ సరుకు ఎంత ఉందో, ఎక్కడ ఉందో చెప్పగలిగే లెక్క తెగిపోయినందుకు.

శాతాల సంగతి టీవీలో గందరగోళంగా చెబుతారు. కాగితం మీద వేసుకుంటే తేలిగ్గా అర్థమవుతుంది. గని నుంచి వచ్చిన యురేనియంలో వెయ్యి పరమాణువులు తీసుకుంటే, వాటిలో మనకు పనికొచ్చే యురేనియం-235 సుమారు 7. మిగతా 993 యురేనియం-238. శుద్ధి చేయడమంటే ఆ 7ను పెంచడం కాదు, పక్కనున్న 993ను తగ్గించుకుంటూ పోవడం. విద్యుత్ రియాక్టర్లకు కావాల్సిన 5 శాతానికి చేరాలంటే ఆ 7కు తోడుగా 133 మిగిలితే చాలు. అంటే 860ని తీసేశారు. 20 శాతానికి చేరాలంటే 28 మిగలాలి. 60 శాతం అంటే సుమారు 5 మాత్రమే మిగులుతాయి. బాంబుకు వాడే 90 శాతం దగ్గర ఒక్కటి కూడా సరిగా మిగలదు. యంత్రాల్లో కొంత యురేనియం-235 వృథాగా పోతుంది కాబట్టి అసలు అంకెలు కాస్త మారతాయి, కానీ విషయం ఇదే.

ఇప్పుడు మళ్లీ చూడండి. 993లో 860 మొదటి మెట్టు మీదే పోయాయి. 60 శాతానికి వచ్చేసరికి 988 పోయాయి. ఇక తీయాల్సింది నాలుగో ఐదో. అందుకే 60 నుంచి 90కి ఇంకా 30 శాతం దూరం ఉంది కదా అనుకోవడం తప్పు. శ్రమ అంతా కింది మెట్ల మీదే అయిపోతుంది. 60 శాతం దాకా వచ్చినవాళ్లు మొత్తం పనిలో దాదాపు 99 శాతం పూర్తి చేసినట్టే.

మరి బాంబు ఉన్నట్టు కాదని ఎందుకన్నాను? ఈ శుద్ధి అంతా జరిగేది యురేనియం హెక్సాఫ్లోరైడ్ అనే పదార్థంతో. మామూలుగా తెల్లటి స్ఫటికాల్లా ఉంటుంది, 56 డిగ్రీలు దాటితే నేరుగా వాయువైపోతుంది. ఆ వాయువును సెంట్రిఫ్యూజ్ అనే పొడవాటి గొట్టాల్లో సెకనుకు వెయ్యి చుట్లకు పైగా తిప్పుతారు. బరువైన 238 అంచుల వైపు, తేలికైన 235 మధ్య వైపు చేరతాయి. తేడా చాలా స్వల్పం కాబట్టి వందల యంత్రాలను వరసగా కలిపి మళ్లీ మళ్లీ తిప్పాలి. చివరికి చేతికొచ్చేది సిలిండర్‌లో ఉన్న ఆ పదార్థమే. దాన్ని లోహంగా మార్చాలి, సరైన ఆకారంలో మలచాలి, చుట్టూ పేలుడు పదార్థాన్ని అతి కచ్చితంగా అమర్చాలి, క్షిపణి మోయగలిగేలా చేయాలి. ఇరాన్ 2021 ఫిబ్రవరిలో ఇస్ఫహాన్‌లో 3.6 గ్రాముల యురేనియం లోహం తయారు చేసిందని, దేశాల అణు లెక్కలు తనిఖీ చేసే అంతర్జాతీయ అణుశక్తి సంస్థ నిర్ధారించింది. గ్రాములే అయినా ఆ దారిలో అడుగు వేశారన్నదే దానికి అర్థం. ఈ మిగతా పనికి నెలలు పట్టొచ్చు, ఏడాది దాటొచ్చు. యంత్రాలు నడుస్తుంటే శుద్ధికి మాత్రం వారాలు చాలు.

కరెంటు మాటకొస్తే, ఇరాన్‌లో నడుస్తున్న అణు విద్యుత్ కేంద్రం ఒక్కటే, బుషెహ్ర్. సుమారు 1000 మెగావాట్లది. కట్టి పూర్తి చేసింది రష్యా, ఇంధనం ఇచ్చేదీ రష్యాయే. వాడేసిన ఇంధనాన్ని తిరిగి తీసుకెళ్లేలా ఒప్పందం కూడా ఉంది. మన పక్కన శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో కట్టాలనుకుంటున్న అమెరికా రియాక్టర్లకైనా కావాల్సింది 5 శాతం లోపు యురేనియమే. టెహ్రాన్‌లో 1967లో అమెరికా ఇచ్చిన చిన్న పరిశోధన రియాక్టర్ ఒకటుంది, క్యాన్సర్ చికిత్సకు, స్కానింగులకు కావాల్సిన ఐసోటోపులు అందులో చేస్తారు. దానికి 20 శాతం కావాలి, నిజమే. దానికి మించి 60 శాతం ఎందుకు అన్న ప్రశ్నకు ఇరాన్ ఒప్పించే జవాబు ఇవ్వలేకపోయింది. అణ్వాయుధాలు లేని దేశాల్లో 60 శాతం తయారు చేసినది ఇరాన్ ఒక్కటేనని తనిఖీ సంస్థ నివేదికల్లోనే రాసింది.

విశాఖవాళ్లం కాబట్టి జలాంతర్గాములు గుర్తొస్తాయి. 2009లో అరిహంత్ జలప్రవేశం చేసింది ఇక్కడే, 2024 ఆగస్టులో అరిఘాత్ నౌకాదళంలో చేరింది ఇక్కడే. అణు జలాంతర్గాములకు ఎక్కువ శుద్ధి చేసిన యురేనియం వాడతారు కదా, ఇరాన్ కూడా అందుకే చేసుకుంటోందని ఎందుకు అనుకోకూడదు అని అడగొచ్చు. ఆ మాట ఇరాన్ అధికారులు ఎప్పుడో అన్నారు కూడా. కానీ కళ్లకు కనిపించే జలాంతర్గామి రియాక్టర్ ఏదీ లేకుండా ముందు ఇంధనం కుప్ప పోసుకోవడం ఏ ఇంజినీరూ చేయడు.

ఇక లెక్కల సంగతి. నా దృష్టిలో అసలు విషయం ఇదే, కాస్త ఓపికగా చదవండి.

అణు కర్మాగారంలో ఏటా స్టాక్ వెరిఫికేషన్ ఉంటుంది. విదేశీ యురేనియం వాడే చోట్లకు అంతర్జాతీయ ఇన్‌స్పెక్టర్లు కూడా వస్తారు. మన దేశంలోనూ కొన్ని కేంద్రాలు వాళ్ల తనిఖీ కింద ఉన్నాయి. వచ్చినవాళ్లు ముందు మా రిజిస్టరు అడుగుతారు. తర్వాత అందులోంచి తమకు తోచిన డబ్బాలు ఎంచుకుంటారు. ఏది అడుగుతారో మాకు ముందు తెలియదు. డబ్బా బయటికి తీసి, సీలు నంబరు చూసి, తూకం వేస్తారు. డిటెక్టర్ పెట్టి శాతం సరిచూస్తారు. కొంత నమూనా తీసుకుంటారు. తర్వాత తెల్లటి కాటన్ గుడ్డ ముక్కతో గోడలు, బల్లలు, పైపుల అంచులు తుడిచి, సంచిలో వేసి సీలు చేసి వియన్నా దగ్గరున్న సైబర్స్‌డోర్ఫ్ ల్యాబ్‌కు పంపుతారు. కంటికి కనిపించని ధూళి కణం ఒక్కటి దొరికినా చాలు, అది ఎంత శాతం యురేనియమో చెప్పేస్తారు. 2023 జనవరిలో ఇరాన్‌లోని ఫోర్డోలో 83.7 శాతం కణాలు బయటపడింది ఇలాంటి తనిఖీలోనే. అంత శాతం కావాలని చేయలేదు, యంత్రాల కలయిక మార్చినప్పుడు పొరపాటున అలా వచ్చిందని ఇరాన్ వివరణ ఇచ్చింది. అలా జరగడానికి అవకాశం ఉంది. కానీ ఆ ధూళిని పట్టుకోకపోతే ఆ సంగతి ఎవరికీ తెలిసేదే కాదు.

యురేనియం లెక్క ఎక్కడా అణాపైసలతో సరిపోదు. పైపుల లోపల కొంత అంటుకుంటుంది, ఫిల్టర్లలో కొంత చేరుతుంది, తూకం యంత్రాల్లోనే చిన్న తేడా ఉంటుంది. కంసాలి కొట్టు చిమ్మిన మట్టిలోంచి కూడా బంగారం తీసినట్టే, మేమూ తుడిచిన గుడ్డలు, పాత ఫిల్టర్లు అన్నీ లెక్కలోకి తీసుకునేవాళ్లం. అయినా కొంత తేడా మిగులుతుంది. తేడా ఉండటం నేరం కాదు. ఎంత తేడా మామూలు, ఎంతైతే అనుమానించాలి అన్నదానికి పద్ధతులున్నాయి. అయితే ఆ పద్ధతులు పనిచేయాలంటే ఒకటే షరతు. రిజిస్టరు మధ్యలో తెగకూడదు. కొన్నాళ్లు కెమెరా తీసేసి మళ్లీ పెడితే ఆ మధ్యలో జరిగింది తర్వాత ఎంత నిజాయతీగా చెప్పినా రుజువు చేయడం చాలా కష్టం.

ఇరాన్ విషయంలో జరిగింది సరిగ్గా ఇదే. ఇరాన్ 1970లోనే అణ్వస్త్ర వ్యాప్తి నిరోధక ఒప్పందంలో చేరింది. శాంతి అవసరాలకు అణుశక్తి వాడుకునే హక్కు ఆ ఒప్పందంలోని నాలుగో అధికరణమే ఇస్తుంది, బదులుగా మొత్తం లెక్క చూపించాలి. కానీ నతాంజ్ శుద్ధి కేంద్రం సంగతి 2002లో ప్రవాసంలో ఉన్న ప్రతిపక్ష సంస్థ బయటపెడితే లోకానికి తెలిసింది. కోమ్ దగ్గర కొండ లోపల కట్టిన ఫోర్డో సంగతి 2009లో బయటికొచ్చింది. ఎక్కడా ప్రకటించని చోట్ల, ఉదాహరణకు టెహ్రాన్ శివార్లలోని తుర్కుజాబాద్‌లో, యురేనియం కణాలు దొరికాయి. వాటికి నమ్మదగ్గ వివరణ లేదని తనిఖీ సంస్థ ఏళ్ల తరబడి రాస్తూనే ఉంది. ఒక కర్మాగారంలో రిజిస్టరులో లేని గది ఒకటి బయటపడితే మిగతా రిజిస్టరు మీద కూడా నమ్మకం పోతుంది. ఆయుధ పనిని ఇరాన్ 2003లో ఆపేసిందని అమెరికా నిఘా సంస్థలే 2007లో తేల్చాయి, అది కూడా మరవకూడదు.

2015 జులై 14న వియన్నాలో అమెరికా, ఇతర పెద్ద దేశాలతో ఇరాన్‌కు కుదిరిన ఒప్పందం నాకు నచ్చడానికి కారణం అది లెక్కను తిరిగి నిలబెట్టడమే. శుద్ధి 3.67 శాతం దాటకూడదు. నిల్వ 300 కిలోలకు మించకూడదు. నతాంజ్‌లో 5,060 పాత రకం సెంట్రిఫ్యూజ్‌లే తిరగాలి. గని నుంచి సెంట్రిఫ్యూజ్ విడిభాగాల తయారీ దాకా అన్నిచోట్లా నిఘా. బాంబుకు సరిపడా యురేనియం చేయాలనుకున్నా ఏడాది పట్టేలా దూరం పెట్టారు. ఇరాన్ దానికి కట్టుబడే ఉందని తనిఖీదారులు వరసగా ధ్రువీకరించారు. అయినా 2018 మే 8న ట్రంప్ అందులోంచి అమెరికాను బయటికి తెచ్చారు. నా అభిప్రాయం మొహమాటం లేకుండా చెబుతున్నాను, అది పెద్ద తప్పు. పనిచేస్తున్న లెక్కను చేజేతులా చెరిపేశారు. ఆ తర్వాత ఇరాన్ చేసిందీ తప్పే. 2021 జనవరిలో 20 శాతానికి, నతాంజ్‌లో విధ్వంసం జరిగాక ఏప్రిల్‌లో 60 శాతానికి వెళ్లింది. ఆ ఫిబ్రవరిలోనే అదనపు తనిఖీలు ఆపింది, 2022 జూన్‌లో కెమెరాలు పీకేసింది.

2025 జూన్ 12న తనిఖీ సంస్థ పాలకమండలి ఇరాన్ తన బాధ్యతలు పాటించడం లేదని తీర్మానించింది. మర్నాడే ఇజ్రాయెల్ దాడి మొదలుపెట్టింది. 22న అమెరికా ఫోర్డో, నతాంజ్, ఇస్ఫహాన్‌ల మీద బాంబులు వేసింది. దాడికి ముందు ఇరాన్ దగ్గర 60 శాతం యురేనియం 440.9 కిలోలు ఉందని సంస్థ అంచనా. ఒక బాంబుకు సరిపోతుందని సంస్థ పెట్టుకున్న కొలమానం ప్రకారం 60 శాతమైతే 42 కిలోలు. అంటే ఇంకా శుద్ధి చేస్తే సుమారు పదింటికి సరిపడా సరుకు. అదేమీ పెద్ద గోడౌన్ నిండే సరుకు కాదు, డైవింగ్‌కు వాడే సిలిండర్లంత డబ్బాల్లో పట్టేస్తుంది. జులైలో ఇరాన్ సహకారం ఆపుతూ చట్టం చేసింది. యూరప్ దేశాలు పట్టుబట్టడంతో సెప్టెంబరు చివర్లో భద్రతా మండలి పాత ఆంక్షలు తిరిగొచ్చాయి.

బాంబులు వేస్తే సమస్య తీరిపోయిందని కొందరు సంబరపడ్డారు. నా పాత ఉద్యోగం కళ్లతో చూస్తే అది సంబరపడే సంగతి కాదు. భవనం కూలినంత మాత్రాన రిజిస్టరులోంచి 440 కిలోలు కొట్టేయడం కుదరదు. డబ్బా కనిపించాలి, సీలు చూడాలి, తూకం వేయాలి. అందులో ఏదీ జరగనంత వరకు ఆ సరుకు ఉన్నట్టూ కాదు, పోయినట్టూ కాదు. దాడికి ముందు ఎంత ఉందో కిలోలో పదో వంతు దాకా చెప్పగలిగినవాళ్లు, దాడి తర్వాత అంచనాలు చెప్పాల్సి వచ్చింది.

మీ మూడో ప్రశ్న న్యాయమైనది. చట్టప్రకారం జవాబు తేలిక: మనం అణ్వస్త్ర వ్యాప్తి నిరోధక ఒప్పందం మీద సంతకం పెట్టలేదు. పాకిస్థాన్, ఇజ్రాయెల్ కూడా పెట్టలేదు. ఇరాన్ పెట్టింది, కాబట్టి మాట తప్పిందన్న అభియోగం దానికే వర్తిస్తుంది. అయితే మనం ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. 1974 పోఖ్రాన్ పరీక్షకు వాడిన ప్లుటోనియం (బాంబుకు పనికొచ్చే మరో పదార్థం), శాంతి అవసరాల కోసమని కెనడా సాయంతో కట్టిన సైరస్ రియాక్టర్ నుంచి వచ్చింది. దాని తర్వాతే అణు ఎగుమతులకు నియమాలు పెట్టే అణు సరఫరా దేశాల బృందం పుట్టింది, తారాపూర్‌కు అమెరికా ఇంధనం ఆగిపోయింది. శాంతి కోసమే అన్న మాటను ప్రపంచం ఉత్తినే నమ్మకపోవడానికి ఒక కారణం మన చరిత్రే. 2008లో ఆ బృందం నియమాల నుంచి మనకు మినహాయింపు దొరికింది కూడా 14 రియాక్టర్లను తనిఖీ కిందికి తేవడానికి ఒప్పుకున్నాకే. ఇజ్రాయెల్ తన దగ్గర ఏముందో చెప్పకుండా ఉండిపోవడం, దాన్ని పెద్ద దేశాలు గట్టిగా నిలదీయకపోవడం అన్యాయమే. ఇరానీయులకు అది గుచ్చుకోవడం సహజం. ఆ అన్యాయం వల్ల 440 కిలోల లెక్క మాత్రం సరిపోదు.

లెక్క చూపించి బయటపడ్డ దేశం ఒకటుంది. దక్షిణాఫ్రికా రహస్యంగా ఆరు బాంబులు చేసింది, తనే విప్పేసింది, 1991లో అణ్వస్త్ర వ్యాప్తి నిరోధక ఒప్పందంలో చేరింది. 1993లో అధ్యక్షుడు డి క్లర్క్ పార్లమెంటులో ఆ సంగతి ప్రకటించారు. తనిఖీదారులకు పాత ఉత్పత్తి రికార్డులు ఇచ్చి, అడిగిన చోటికల్లా రానిచ్చారు. పాత రికార్డులతో నిల్వలు సరిచూడటానికి చాలా కాలం పట్టింది, కానీ అయింది. ఇరాన్‌కూ ఆ దారి మూసుకుపోలేదు.

కింద వ్యాఖ్యల్లో ఒకరు ఆ రేడియేషన్ విశాఖ దాకా వస్తుందా అని అడిగారు. రాదు. శుద్ధి కేంద్రంలో ఉండేది నడిచే రియాక్టర్ కాదు. హెక్సాఫ్లోరైడ్ బయటికొస్తే గాలిలో తేమతో కలిసి హైడ్రోజన్ ఫ్లోరైడ్ పుడుతుంది, అది దగ్గర్లో ఉన్నవాళ్ల ఊపిరితిత్తులకు చాలా ప్రమాదం. ఆ ప్రమాదం ఆ చుట్టుపక్కలకే పరిమితం. బుషెహ్ర్ లాంటి నడిచే రియాక్టర్ మీద దాడి జరిగితే మాత్రం కథ వేరు. గల్ఫ్ దేశాలు సముద్రపు నీటినే మంచినీరుగా మార్చుకుని తాగుతాయి, అక్కడ ఉన్న మనవాళ్లకూ అదే నీరు.

విశాఖ మీద పడేది ఇంకోలా ఉంటుంది. ప్రపంచం వాడే చమురులో సుమారు ఐదో వంతు హొర్ముజ్ జలసంధి గుండా వచ్చేది. మన వంటగ్యాస్‌లో పెద్ద భాగం గల్ఫ్ నుంచి వచ్చేదే. ఇక్కడ భూగర్భంలో 13.3 లక్షల టన్నుల ముడిచమురు నిల్వ చేసే గుహలు కట్టింది ఇలాంటి రోజుల కోసమే.

మీ తమ్ముడి విషయం. ఓడల నియమాలు నా రంగం కాదు, కానీ కాంట్రాక్టులో యుద్ధ ప్రమాద ప్రాంతాల క్లాజు ఉందేమో, అలాంటి చోటికి వెళ్లనని చెప్పే హక్కు, బీమా ఎలా ఉన్నాయో ఆయన్ని ఇప్పుడే చదివి పెట్టుకోమనండి. యూనియన్ వాళ్లను అడిగితే వివరంగా చెబుతారు. ఇంట్లో మీరు రోజంతా యుద్ధం చర్చలు పెట్టుకుని కూర్చోవద్దు. ఒక నాయకుడు హెచ్చరించాడు, ఇంకొకడు బదులిచ్చాడు అన్న వార్తలతో ఏమీ తేలదు. తనిఖీ సంస్థ పాలకమండలి సుమారు మూడు నెలలకోసారి కూర్చుంటుంది. దానికి కొద్ది రోజుల ముందు ఇరాన్ మీద నివేదిక వస్తుంది, తెలుగు పత్రికలూ వేస్తాయి. అందులో ఇన్‌స్పెక్టర్లు ఇస్ఫహాన్, ఫోర్డో లోపలికి వెళ్లారా, 60 శాతం నిల్వను స్వయంగా చూశారా అన్న రెండు సంగతులు వెతకండి. వెళ్లారని ఉంటే కాస్త ఊపిరి పీల్చుకోవచ్చు. అనుమతి దొరకలేదని ఉంటే తమ్ముడితో తర్వాతి ట్రిప్పు గురించి మాట్లాడండి.